అమ్మమ్మ అల్లిన పూసల తోరణం రాలిపోతోంది. నేనే బాగుచేసుకోవచ్చా? ఏ పద్ధతి నేర్చుకోవాలి?

కావలి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మమ్మ పెళ్ళైన కొత్తలో తెల్లపూసల మధ్య చిలకలు, ఏనుగులు వచ్చేలా గుమ్మానికి తోరణం అల్లారట. ఇప్పుడు చెయ్యి తగిలితే చాలు, పూసలు రాలుతున్నాయి. యూట్యూబ్‌లో ఆఫ్రికాలోని మసాయి, జులు తెగల పూసల పని, అమెరికా ఆదివాసీల పూసల పని, గుజరాతీ తోరణాలు అన్నీ చూశారు. వీటిలో ఏది నేర్చుకుంటే ఈ తోరణం బాగవుతుంది, ఆ తర్వాత దాంతో నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చా అని అడిగారు.

బాగుచేసుకోవచ్చమ్మా, మీరే చేసుకోవచ్చు. దేశం పేరు పట్టుకుని మాత్రం వెతకొద్దు. మీ తోరణం ఏ అల్లికో ముందు గుర్తుపట్టండి, ఆ ఒక్క అల్లికే నేర్చుకోండి, పూసల కంటే ముందు మంచి దారం కొనండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది సౌరాష్ట్ర వైపు మోతీ భరత్ అనే పనికి దగ్గరగా ఉంది, లేదంటే మన ఇళ్ళలో పూసల సంచులు అల్లిన నాలుగు పూసల అల్లిక అయి ఉంటుంది. రెండూ ఓపికగా కూర్చుంటే వచ్చేవే.

నేను నెల్లూరులో మగ్గం వర్క్, పూసల అల్లిక నేర్పుతుంటాను. పాత పూసల వస్తువులు బాగుచేయమని కూడా తెస్తుంటారు. తెచ్చిన వాటిలో పూస పాడైనవి తక్కువ, దారం పోయినవే ఎక్కువ. గాజు పూసకి ఆయుష్షు చాలా ఎక్కువ. ఈజిప్టులో గీజా దగ్గర ఒక స్త్రీ సమాధిలో గాజుకి దగ్గరి చుట్టమైన ఫయాన్స్ అనే పదార్థంతో చేసిన పూసలతో వల అల్లినట్టు ఉండే దుస్తు దొరికింది. అది ఖుఫు రాజు కాలం నాటిది, అంటే సుమారు 4,500 ఏళ్ళ కిందటిది. ఇప్పుడు బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. దారమంతా మట్టిలో కలిసిపోయింది. కానీ కొన్ని పూసలు పడినచోటే అలాగే వరసలో ఉండిపోవడంతో, వాటిని చూసి మొత్తం అల్లిక మళ్ళీ కట్టగలిగారు.

ఈ సంగతి మీకు ఎందుకు చెబుతున్నానంటే, పాత పూసల పని చేతికి రాగానే అందరూ ముందు చేసేది రాలినవన్నీ ఏరి సీసాలో పోయడం. అలా ఏరకండి. తోరణాన్ని ఇద్దరు పట్టుకుని దించండి, కింద పాత దుప్పటి పరవండి. బల్ల మీద తెల్ల గుడ్డ వేసి దాన్ని చదునుగా పెట్టండి. పూసలు ఎక్కడ రాలాయో అక్కడే ఉండగా ముందువైపు, వెనకవైపు ఫొటోలు తీయండి. ఏనుగు తొండం దగ్గర మూడు వరసలు పోయి ఉంటే, చుట్టూ పడిన నల్లపూసలు ఎన్ని, తెల్లవి ఎన్ని అన్నదే మీకు లెక్క చెబుతుంది. ఆ తర్వాత రంగుల వారీగా చిన్న డబ్బాల్లో వేసుకోండి.

అల్లూరు నుంచి ఒకావిడ తెచ్చిన తోరణంలో సగం బొమ్మ లేదు, పూసలన్నీ హార్లిక్స్ సీసాలో ఉన్నాయి. చివరికి ఆ ఇంటి పెళ్ళి ఆల్బమ్ మమ్మల్ని గట్టెక్కించింది. పెళ్ళికూతుర్ని గుమ్మం ముందు నిలబెట్టి తీసిన ఫొటోలో ఆవిడ తల వెనక తోరణం పూర్తిగా కనిపించింది. దాన్ని పెద్దది చేయించి, గళ్ళ కాగితం మీద ఒక్కో గడికీ ఒక్కో పూస చొప్పున రంగు వేసుకుని, నెమ్మదిగా అల్లుకుంటూ వచ్చాం. మీ ఇంట్లోనూ పాత ఫొటోలు వెతకండి. ఆ కాలంలో మంచి ఫొటో అంటే గుమ్మం ముందే కదా దిగేది.

ఇక అల్లిక గుర్తుపట్టడం. చేతిలోకి భూతద్దం తీసుకుని, బొమ్మ ఉన్నచోట కాకుండా ఒకే రంగున్న భాగం చూడండి. నాలుగేసి పూసలు చతురస్రంగా కూర్చుని, ఒకటి నిలువు, పక్కది అడ్డం అన్నట్టు ఉంటే అది నాలుగు పూసల అల్లిక. దీంట్లో దారం రెండు కొసలూ ఒకే పూసలోంచి ఎదురెదురుగా దూరతాయి. మన అమ్మలు, అత్తలు ప్లాస్టిక్ పూసలతో సంచులు, కుక్కపిల్లలు, టెలిఫోన్ కింద పరిచే గుడ్డలు అల్లింది ఇదే. మధ్యలో చిన్న చిన్న కంతలతో వలలా వదులుగా ఉండి, కొస పట్టుకుంటే సాగినట్టు అనిపిస్తే అది వల అల్లిక. మోతీ భరత్‌లో రెండు పూసల పద్ధతి, మూడు పూసల పద్ధతి అని ఉంటాయి, అవి ఈ కుటుంబానివే. గోడకి పేర్చిన ఇటుకల్లా ఒక వరస పూసలు కింది వరస సందుల్లో కూర్చుంటే దాన్ని పెయోటీ అంటారు. నిలువు వరసలూ అడ్డు వరసలూ గీత గీసినట్టు ఉండి, పూసల మధ్య నిలువు దారాలు కనిపిస్తే అది చిన్న మగ్గం మీద నేసినది. మన గుమ్మం తోరణాల్లో ఈ చివరి రెండూ నేను చాలా అరుదుగా చూశాను.

మోతీ భరత్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మమ్మ బొమ్మలు అక్కడివే కావచ్చు. కాఠియావాడ్‌లో, అంటే సౌరాష్ట్ర ప్రాంతంలో పెళ్ళికూతురు సారెతో పాటు పూసల తోరణాలు, చాక్లాలు అనే చతురస్రపు గోడ అలంకారాలు, నీళ్ళ కుండ కింద పెట్టుకునే చుట్టలు, ఎద్దుల కొమ్ములకి తొడిగే అలంకారాలు తీసుకెళ్ళేవారు. బొమ్మల వెనకంతా తెల్లపూసలు, దాని మీద రంగుల్లో ఏనుగులు, గుర్రాలు, చిలకలు, చెట్లు. ఆ సన్నపూసలు చాలావరకు ఇటలీలోని వెనిస్ నుంచి, తూర్పు ఆఫ్రికాతో వ్యాపారం చేసే గుజరాతీ వర్తకుల చేతుల మీదుగా 19వ శతాబ్దంలో వచ్చాయి. అంటే జాంజిబార్ వైపు ఆఫ్రికా ఆడవాళ్ళ మెడలోకి, సౌరాష్ట్ర గుమ్మాల మీదికి చేరిన పూసలు ఒకే కొలిమిలోవి కావచ్చు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. పూస ఎక్కడెక్కడికో వెళ్ళింది, వెళ్ళిన ప్రతిచోటా అక్కడి ఆడవాళ్ళు దాన్ని పట్టి ఉంచే పద్ధతి తామే కనిపెట్టారు.

మనవైపు నుంచి కూడా పూస బయటికి వెళ్ళింది. శ్రీకాళహస్తి, రేణిగుంటల మధ్య పాపానాయుడుపేట ఉంది కదా, అక్కడ గాజు పూసలు చేసే పద్ధతి చాలా పాతది. కరిగిన గాజు ముద్దని పొడవాటి ఇనప గొట్టానికి ఎక్కిస్తారు. ఆ గొట్టాన్ని లాడా అంటారు. ముద్ద మధ్యలో కంత చేసి, కొలిమి అవతలి వైపు నుంచి సన్నని గొట్టంలా చేత్తో లాగుతూ పోతారు. గొట్టం చల్లారాక పూసలంత ముక్కలుగా కోసి, బూడిదతో కలిపి మళ్ళీ వేడి చేస్తే పదునైన అంచులు గుండ్రబడతాయి. పూసల చరిత్ర మీద జీవితమంతా పనిచేసిన పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పరిశోధకుడు అక్కడి పనిని చూసి, పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పూసలతో పోల్చాడు. ఈ రకం సన్నని ఒంటిరంగు పూసలకి ఇండో పసిఫిక్ పూసలు అని పేరు పెట్టింది ఆయనే. ఆఫ్రికా తీరం నుంచి ఆగ్నేయాసియా దాకా, కొరియా, జపాన్‌లలో కూడా ఇవి దొరికాయి. మన మెడలో నల్లపూసల వెనక ఇంత పెద్ద కథ ఉంది.

ఇప్పుడు బాగుచేసే పని. పాత దారం ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ విప్పొద్దు. చాలామంది మొత్తం కోసేసి కొత్తగా అల్లుదామనుకుంటారు, అలా చేస్తే మీ అమ్మమ్మ చేతి బిగువు పోయి మీ చేతి బిగువు వస్తుంది. తెగినచోటికి రెండు మూడు వరసల ముందు నుంచి కొత్త దారం పాత దారం పక్కనే దూర్చి, ఖాళీ దాటి, అవతల గట్టిగా ఉన్న వరసల్లోకి తీసుకెళ్ళి ముడి వేయాలి. పూసల సూదుల్లో 10, 12, 13 అని నంబర్లు ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. పాత పనికి 12 లేదా 13 కావాలి. సూది దూరకపోతే బలవంతం చేయొద్దు. కంతలో అప్పటికే రెండు మూడు దారాలు ఉంటాయి, తోస్తే పూస చిట్లిపోతుంది. ఆ పూసని వదిలి పక్కదాంట్లోంచి రండి.

దారం విషయంలో మన వాతావరణం తెలుసుకుని కొనాలి. మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, మిగతా రోజుల్లో సముద్రపు గాలి. నూలు దారం తేమ పీల్చుకుని లోపల్లోపలే కుళ్ళుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. మెత్తటి నైలాన్ లేదా పాలిస్టర్ పూసల దారం తీసుకుని, తేనెమైనం మీద రెండు మూడు సార్లు లాగి వాడండి. చిక్కు పడదు, ముడి జారదు. చేపల వలకి వాడే గట్టి నైలాన్ తీగ చవకే, కానీ ఎండ తగిలే గుమ్మానికి పనికిరాదు. కొన్నాళ్ళకి పెళుసెక్కి పుటుక్కుమంటుంది. బీరువాలో పెట్టేటప్పుడు నఫ్తలీన్ ఉండలు వేయొద్దు, ముఖ్యంగా ప్లాస్టిక్ పూసలుంటే. మడత పెట్టకుండా తెల్లటి నూలు గుడ్డలో చుట్టండి. పాత గాజు పూసల మీద చెమట పట్టినట్టు జిగురుగా ఉన్నా, తెల్లటి పొడి కనిపించినా ఆ గాజు తేమకి పాడవుతోందని అర్థం. వాటిని నీళ్ళలో నానబెట్టకుండా, కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి.

పూసలు ఎక్కడ కొనాలి అనే ప్రశ్నకి జవాబు: మొదట ఎక్కడా కొనొద్దు. తోరణం కింద వేలాడే కుచ్చుల్లో అవే పూసలు ఉంటాయి. బొమ్మలో పోయిన వాటికి అవి వాడి, కుచ్చులకి కొత్తవి పెట్టండి. తెల్లపూసల్లో కూడా పాలతెలుపు, సున్నం తెలుపు, పసుపు కలిసిన తెలుపు ఉంటాయి, బొమ్మ మధ్యలో ఒక్క వేరే తెలుపు పడినా కంటికి తగులుతుంది. మా చిన్నప్పుడైతే పూసలవాళ్ళు బుట్టల్లో సవరాలు, పిన్నీసులతో పాటు పూసలు వీధి వీధికీ తెచ్చేవాళ్ళు. ఇప్పుడు నెల్లూరు చిన్నబజారులో ఫ్యాన్సీ, మగ్గం సామాన్ల కొట్లలో తూకానికి దొరుకుతాయి. అవి ఎక్కువగా మగ్గం వర్క్ కోసం తెచ్చినవి, ఒకే పొట్లంలో సన్నవీ లావువీ కలిసి ఉంటాయి. బట్ట మీద కుట్టడానికి ఆ తేడా పర్వాలేదు. అల్లికలో మాత్రం వరస వంకర పోతుంది. అందుకే సగం రోజు ఏరుకోవడానికే పోతుందని ముందే అనుకోండి. ఏరడం ఇష్టం లేకపోతే జపాన్ మియుకి, తోహో, చెక్ దేశపు ప్రెసియోసా పూసలు ఆన్‌లైన్‌లో వస్తాయి, ఖరీదు బాగా ఎక్కువ. 11/0 అని రాసి ఉన్నవి సుమారు 2 మిల్లీమీటర్లు, 8/0 సుమారు 3. అంకె పెరిగితే పూస చిన్నదవుతుంది.

ఏ కొట్లో కొన్నా రంగు పరీక్ష చేయకుండా అల్లొద్దు. కొన్ని పూసలు తడి గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచండి. కొన్నిటిని దూదితో నెయిల్ పాలిష్ రిమూవర్ పెట్టి రుద్దండి. కొన్ని మేడ మీద ఎండలో వారం రోజులు పెట్టి, డబ్బాలో ఉన్నవాటితో పోల్చండి. గులాబీ, ఊదా రంగుల్లో చాలావరకు పైన పూసిన రంగే, అవి ముందు పోతాయి. బంగారు పూత పూసలు మెడకి తగిలే వస్తువుల్లో వాడితే మన చెమటకి తొందరగా నల్లబడతాయి.

ఇక మీరు చూసిన వీడియోల సంగతి. అవన్నీ చూడండి, కానీ చూసేటప్పుడు రంగుల్ని వదిలేసి ఒకటే గమనించండి: అక్కడ పూస దేనికి పట్టి ఉంది?

మసాయి ఆడవాళ్ళ పెద్ద పళ్ళెం లాంటి కంఠాభరణాల్లో పూసలు తీగకి గుచ్చి ఉంటాయి, మధ్య మధ్య అడ్డపట్టీలు వరసల్ని పట్టి ఉంచుతాయి. మన దగ్గర దానికి వచ్చే చిక్కు తుప్పు. కొత్తపట్నం నుంచి వచ్చే ఒక విద్యార్థిని మామూలు ఇనప తీగ మీద చాలా అందంగా చేసింది. వానాకాలం దాటేసరికి తెల్లపూసల కంతల్లోంచి ఎర్రటి మరక కారింది. ఇత్తడి తీగో, స్టెయిన్‌లెస్ స్టీలో వాడాల్సింది. అమెరికాలో లకోటా అనే ఆదివాసీలు తోలు మీద ఏడెనిమిది పూసలు ఒకేసారి దారానికి ఎక్కించి, రెండు కొసల దగ్గర మాత్రమే కుడతారు. గట్లు గట్లుగా కనిపించేది అందుకే. తోలుకి అది సరిపోతుంది, మెత్తటి పట్టు జాకెట్టు మీద అలా కుడితే పూసలు వేలాడి బట్ట లాగేస్తుంది. మెక్సికోలో హుయిచోల్ వాళ్ళకి దారమే లేదు, సొరకాయ బుర్రల మీద తేనెమైనం పరిచి పూసలు ఒక్కొక్కటే అద్దుతారు. ఆ ఆదివాసీ కళాకారులు 2010లో ఒక ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు మొత్తాన్ని ఇరవై లక్షలకి పైగా పూసలతో కప్పారు. ఆ కారుకి మాత్రం మైనం సరిపోదని గట్టి జిగురు వాడారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మన గోడ మీద మైనం పని నిలవదు, లోపల చల్లటి గదిలో పెట్టుకునే వస్తువుకైతే చేయండి.

జులు పని విషయంలో ఒక హెచ్చరిక. వాళ్ళ పూసల్లో రంగులు, త్రికోణాల కలయిక సందేశం చెబుతుంది, అమ్మాయిలు తమకి నచ్చిన అబ్బాయికి పూసల ఉత్తరాలు అల్లి ఇచ్చేవారు. కానీ ఏ రంగుకి ఏ అర్థం అన్నది ప్రాంతాన్ని బట్టి, పక్కనున్న రంగుని బట్టి మారుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే పట్టిక చూసి ‘ఇది ప్రేమ, ఇది విరహం’ అని రాసి అమ్మడం సరికాదు. నైజీరియాలో యోరుబా రాజుల కిరీటానికి ముఖం మీదికి జారే పూసల తెర ఉంటుంది, అది పెట్టుకునే హక్కు రాజుకే. మన నల్లపూసల్ని ఎవరో కాలి పట్టీలుగా చేసి అమ్మితే మీ అమ్మమ్మకి ఎలా ఉంటుందో, వాళ్ళకీ అలాగే ఉంటుంది. అల్లిక ఎవరిదైనా నేర్చుకోవచ్చు, గుర్తులు మాత్రం వాళ్ళవి. మీ తోరణంలో చిలకలు, ఏనుగులు ఉన్నాయి, ముగ్గుల్లో తామరలు, మెలికలు ఉన్నాయి. చుక్కల ముగ్గు గళ్ళ కాగితం మీదికి ఎంత సులువుగా వస్తుందో ఒకసారి వేసి చూడండి.

దగ్గర్లో నేర్చుకోవాలంటే ఒంగోలుకి పడమటి వైపు, మార్కాపురం, యర్రగొండపాలెం చుట్టుపక్కల లంబాడీ తండాల్లో అద్దాలు, గవ్వలు, పూసలు బట్ట మీద కుట్టే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుంటే వాళ్ళ సమయానికి డబ్బివ్వండి, ఫొటో తీసేముందు అడగండి.

సంపాదన గురించి ఉన్నమాట చెబుతాను. అల్లిన తోరణానికి మీ చేతి గంటలు లెక్కేస్తే వచ్చే ధర ఎవరూ ఇవ్వరు. మన ఊళ్ళలో డబ్బు మగ్గం వర్క్‌లో ఉంది, పెళ్ళి జాకెట్లకి, పూలజడలకి, నల్లపూసల దండలు తిరిగి గుచ్చడానికి మనుషులు కావాలి. గుచ్చే పని నుంచి మొదలుపెట్టండి, దాంట్లో దారం మీద మీకు చెయ్యి కుదురుతుంది. మగ్గం వైపు వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. ఆరి సూదితో, అంటే కొసన కొక్కెం ఉండే మగ్గం సూదితో వేసేది గొలుసు కుట్టు, కొస జారితే వరసంతా ఊడివస్తుంది. ఒంగోలు నుంచి ఒక పెళ్ళికూతురి జాకెట్టు నా దగ్గరికి వచ్చింది, మెడ చుట్టూ కుట్టిన కట్‌దానాలు (సన్నని గొట్టాల్లాంటి పూసలు) పీటల మీదే రాలిపోయాయట. వెనక చూస్తే ఆ పొడవంతటికీ ఒక్క ముడి లేదు. ప్రతి రెండు మూడు అంగుళాలకీ ముడి వేయండి. బరువు పూసలైతే సూదీ దారంతో రెండు మూడు పూసలకి ఒకసారి పైనుంచి అదనపు కుట్టు వేయండి.

పిల్లలకి నేర్పుతుంటే ఇంకో మాట. గురివింద గింజలు అందంగా ఉంటాయని కంత చేసి దండలు గుచ్చుతుంటారు. ఆ గింజ లోపలి పప్పు విషం. పైపొట్టు పగిలితే, కంత చేసినప్పుడు పొడి రేగితే ప్రమాదం. ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు తేవొద్దు.

మీరు ఈ వారం చేయాల్సింది తోరణం దించి ఫొటోలు తీయడం. వెనకవైపు దగ్గరగా తీసిన ఒక ఫొటో, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, ఇక్కడే పెట్టండి. ఏ అల్లికో, ఎంత సైజు పూసలో, ఏ నంబరు సూది కావాలో చూసి చెబుతాను.